గోదారి పెరిగేలోపే కాయితాలు గట్టెక్కాలి

జూలై వచ్చిందంటే కోనసీమలో అందరి చెవులూ భద్రాచలం నీటిమట్టం మీదే ఉంటాయి. కువైట్‌లోనో మస్కట్‌లోనో అమెరికాలోనో మనిషి ఉన్న ఇళ్ళలో దానికి ఇంకో టెన్షన్ తోడవుతుంది. రెన్యువల్‌కి పెట్టిన పాస్‌పోర్టు ఎక్కడిదాకా వచ్చింది? పంపిన సర్టిఫికెట్లు చేరాయా లేదా?

భద్రాచలం దగ్గర 43 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. అది వినబడేసరికే ఆలస్యమైపోయినట్టు లెక్క. వరద పెరిగితే సఖినేటిపల్లి–నరసాపురం మధ్య మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. కాజ్‌వేలు మునిగితే గోదారి పాయల మధ్య ఉన్న లంక ఊళ్ళకి పడవే దిక్కు. ఆ పడవలో చోటు ముందు మనుషులకి, తర్వాత పాలకీ మందులకీ. టపా సంచి వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు. అలాంటి వారంలో స్పీడ్ పోస్టులో స్పీడ్ పేరుకే. కాబట్టి కాలేజీ నుంచి మార్కుల లిస్టు రావాలన్నా, ఏజెంటుకి కాయితాలు పంపాలన్నా జూన్‌లోనే కదలండి. తప్పక వానల్లోనే తెప్పించుకోవాల్సివస్తే అమలాపురంలోనో భీమవరంలోనో ఉన్న చుట్టాల చిరునామా ఇవ్వండి.

పాస్‌పోర్టుకి మాత్రం ఆ వీలు లేదు. అప్లికేషన్‌లో రాసిన చిరునామాకే వస్తుంది, ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. ఇంటికి తాళం వేసి పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోతే కొద్ది రోజులు చూసి పాస్‌పోర్టు ఆఫీసుకే తిప్పి పంపేస్తారు. ఆ తర్వాత దాన్ని రాబట్టడం ఇంకో పెద్ద పని. బయలుదేరిందని మెసేజ్ రాగానే ట్రాకింగ్ నంబరు రాసిపెట్టుకోండి: ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్. మీ సబ్ పోస్టాఫీసుకి చేరినట్టు కనిపిస్తే ఆధార్ పట్టుకుని మీరే వెళ్ళి అడగండి. మన పోస్ట్‌మాన్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఇంకా మంచిది. లంకల్లో ఆయన ఫోన్ నంబరు ప్రతి ఇంట్లో ఉండాల్సిందే, కలెక్టరాఫీసు కంట్రోల్ రూమ్ నంబరు లేకపోయినా సరే!

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులో కలిపేశారు. రాసిన మనిషి చేతికే ఇవ్వాలంటే కౌంటర్ దగ్గర ‘రిజిస్ట్రేషన్ కూడా పెట్టండి’ అని అడగాలి. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. అక్కడొక చిక్కుంది. కవరు మీద మస్కట్‌లో ఉన్న అబ్బాయి నంబరు రాస్తే ఓటీపీ అక్కడికి పోతుంది, పోస్ట్‌మాన్ ఇక్కడ అరుగు మీద నిలబడి ఉంటాడు. ఇంట్లో ఉండే మనిషి నంబరే రాయండి.

చిరునామా దగ్గర మనవాళ్ళు చూపే నిర్లక్ష్యం అంతా ఇంతా కాదు. ‘ఫలానా గారి అబ్బాయి, ఫలానా లంక’ అని రాసేస్తే ఊళ్ళో అందరికీ తెలుసు, నిజమే. కానీ బ్రాంచి పోస్టాఫీసుకి చేరేముందు ఆ కవరు ఎన్నో చేతులు మారుతుంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఒక్క వీధిలోనే ముగ్గురుంటారు, పైగా ఒకే పిన్ కింద ఎన్నో ఊళ్ళు. తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, బ్రాంచి పోస్టాఫీసు పేరు, మండలం, పిన్, ఫోను, ఇవన్నీ రాయాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పాత కాయితాల్లో తూర్పు గోదావరి అని ఉన్నా కంగారు పడక్కర్లేదు, పిన్ సరిగ్గా ఉంటే వచ్చేస్తుంది. జెల్ పెన్నుతో మాత్రం రాయకండి. సైకిల్ మీద వాన జల్లు తగిలితే పిన్‌లో 2 కాస్తా మచ్చయిపోతుంది. బాల్ పెన్నుతో రాసి, పైన పారదర్శకంగా ఉండే టేపు అంటించండి. లోపల కాయితాలకు ప్లాస్టిక్ కవరు వేయండి.

నీళ్ళకి భయపడి ఒరిజినల్ సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించేవాళ్ళున్నారు. వద్దు. విదేశాలకు అటెస్టేషన్ చేయించేటప్పుడు సర్టిఫికెట్ మీదే ముద్రలు, సంతకాలు పడాలి. లామినేషన్ ఉంటే వెనక్కి ఇచ్చేస్తారు. జిప్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి, స్కాన్ తీసి ఫోనులోనూ, అక్కడున్న పిల్లల మెయిల్లోనూ పెట్టండి.

పొలమో కొబ్బరితోటో అమ్మడానికి, తమ బదులు సంతకం పెట్టే హక్కు ఇస్తూ అక్కడివాళ్ళు పంపే పవర్ ఆఫ్ అటార్నీ సంగతి వేరు. అది మన దేశంలోకి వచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఎప్పుడొచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ కవరు మీది తారీఖు ముద్రే. కవరు చింపి అవతల పారేయకండి, పత్రంతోపాటే దాచండి.

గల్ఫ్‌లో చాలాచోట్ల ఉత్తరం ఇంటికి రాదు, పోస్ట్ బాక్సుకి వస్తుంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఆ బాక్సు యజమానిది. ఆయన దయ ఉంటేనే అందుతుంది. అందుకే వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపడం మనకి అలవాటైంది. కాయితాలైతే ఫరవాలేదు, కవరు మాత్రం అంటించకుండా ఇవ్వండి. మందుల పొట్లం, పచ్చడి సీసా జతచేసి ఇరికించకండి. మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని మందులు అక్కడ నేరం, మోసుకెళ్ళినవాళ్ళే జైలుకి పోతారు.

అమెరికాలో ఇల్లు మారిన పిల్లలు పది రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి కొత్త చిరునామా తెలపాలి. అక్కడి పోస్టాఫీసులో చిరునామా మార్చుకుంటే చాలనుకోవద్దు, గ్రీన్ కార్డు, వర్క్ పర్మిట్ లాంటివి కొత్త ఇంటికి మళ్ళించరు, వెనక్కి పోతాయి. నలుగురు ఒకే ఫ్లాట్‌లో ఉంటే మెయిల్ బాక్సు మీద నలుగురి పేర్లూ ఉండాలి. వీసా స్టాంపింగుకి ఆగస్టులో ఇక్కడికి వచ్చినవాళ్ళు పాస్‌పోర్టు లంకలోని ఇంటికి తెప్పించుకునేకంటే వీసా సెంటర్‌కి వెళ్ళి తీసుకోవడం నయం.

ఇంత చేసినా పోతే, రసీదు ఫోటోతో పోస్టల్ శాఖ వెబ్‌సైట్లోనో 1800 266 6868కి ఫోను చేసో వెంటనే ఫిర్యాదు పెట్టండి. పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. స్పీడ్ పోస్టు పోతే ఇచ్చేది కట్టిన ఛార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. ఫిర్యాదు నంబరు మాత్రం దాచండి. డూప్లికేట్ కోసం తిరిగేటప్పుడు అడుగుతారు. పోయింది పాస్‌పోర్టే అయితే పోలీస్ స్టేషన్లో కూడా రాసివ్వండి, ఆ కాగితం లేకుండా కొత్తదానికి దారి లేదు.