రెజ్లింగ్ టైటిల్ చరిత్రను రాయడం ఎలా: డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్ ఉదాహరణగా

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయన్నది ఇప్పుడు దాచిన సంగతేమీ కాదు. అందువల్ల ఒక టైటిల్ చరిత్ర రాయడానికి పూనుకున్నవారు, క్రికెట్ రికార్డులు రాసినట్టు ఎవరు ఎవరిని ఎప్పుడు ఓడించారో రాసి ఊరుకుంటే, చెప్పవలసిన దానిలో సగం బయటే మిగిలిపోతుంది. ఆ రోజున టైటిల్‌కు గుర్తుగా ఇచ్చే ఆ బెల్టును గెలిచినవాడి చేతికే ఎందుకు ఇచ్చారన్నది రాయడానికి పట్టికలో ఇంకో గడి ఉండాలి. అమెరికన్ రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్)లో 1997 నుంచి 2002 వరకు మాత్రమే నడిచిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్ ఈ పని నేర్చుకోవడానికి చాలా అనువైనది. దాని ఆయుష్షు తక్కువే కానీ, పట్టిక రాసేవారిని తికమకపెట్టే చిక్కులన్నీ దాదాపుగా అందులో ఉన్నాయి.

మొదట తేదీల సంగతి తేల్చుకోవాలి. ఈ టైటిల్ కోసం జరిగిన టోర్నమెంట్ ఫైనల్లో బ్రిటిష్ బుల్‌డాగ్, తన బావమరిది, టాగ్ టీమ్ (జంట పోటీల) భాగస్వామి కూడా అయిన ఓవెన్ హార్ట్‌ను 1997 ఫిబ్రవరి 26న బెర్లిన్‌లో ఓడించి తొలి ఛాంపియన్ అయ్యాడు. అయితే ఆ మ్యాచ్ టీవీలో వచ్చింది మార్చి 3న. మ్యాచ్ జరిగిన రోజు నుంచి లెక్కిస్తే అతని దగ్గర బెల్టు 206 రోజులు ఉంది, ప్రసారమైన రోజు నుంచి లెక్కిస్తే 201 రోజులే. రెండింటిలో ఏ పద్ధతి పాటించినా తప్పులేదు కానీ, ఒక వరుసలో ఒకటి, మరో వరుసలో మరొకటి వాడితే లెక్కంతా చెడుతుంది. మ్యాచ్ తేదీనే పట్టికలో ఉంచి, ప్రసార తేదీని పక్కన సూచించడం మేలని నా అభిప్రాయం. అమెరికాలో సోమవారం రాత్రి జరిగే ఈ కంపెనీ టీవీ కార్యక్రమం 'రా' మనకు మంగళవారం తెల్లవారుజాము అవుతుంది కనుక, ఇక్కడి పాత రాతల్లోంచి తేదీలు తీసుకునేటప్పుడు ఒక రోజు తేడా వచ్చిందేమో చూసుకోవాలి.

ఊరి పేరు రాసేటప్పుడు దేశాన్ని, రాష్ట్రాన్ని కూడా రాయాలి. బుల్‌డాగ్ ఈ టైటిల్‌ను షాన్ మైకేల్స్‌కు కోల్పోయింది 1997 సెప్టెంబర్ 20న, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో. ఎక్స్-ప్యాక్ నుంచి అప్పటి కంపెనీ యజమాని కొడుకు షేన్ మెక్‌మహన్ దాన్ని గెలుచుకున్నది 1999 ఫిబ్రవరి 15న, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో.

ఇక ముఖ్యమైనది కారణాల గడి. సొంత దేశపు ప్రేక్షకుల ముందు బుల్‌డాగ్‌ను ఓడించడంతో మైకేల్స్ తొలి 'గ్రాండ్ స్లామ్' (కంపెనీ ప్రధాన టైటిళ్లన్నీ గెలిచిన) ఛాంపియన్‌గా గుర్తింపు పొందాడు. ఆ డిసెంబర్‌లో, కమిషనర్ పాత్రలో ఉన్న సార్జంట్ స్లాటర్ మైకేల్స్‌ను అతని మిత్రుడు ట్రిపుల్ హెచ్‌తోనే తలపడమని ఆదేశించాడు. మైకేల్స్ రింగ్ మధ్యలో వెల్లకిలా పడుకున్నాడు. ట్రిపుల్ హెచ్ ఆ తాడు నుంచి ఈ తాడుకు పరుగులు తీసి, చివరికి నెమ్మదిగా అతని మీద వాలి పిన్ చేశాడు, అంటే భుజాలు నేలకు ఆనించి మూడు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాడు. రికార్డు పుస్తకంలో ఇది మామూలు పిన్‌ఫాల్ విజయం. చరిత్రకారుడు మాత్రం ఇది ఎగతాళి మ్యాచ్ అని, బెల్టు విలువ పలచబడటం ఇక్కడే మొదలైందని రాయకతప్పదు. 1998 జనవరిలో ఇంకా విచిత్రం జరిగింది: ట్రిపుల్ హెచ్ వేషంలో వచ్చిన గోల్డస్ట్‌ను ఓవెన్ హార్ట్ ఓడిస్తే, స్లాటర్ దాన్ని టైటిల్ మార్పుగా ప్రకటించాడు. అలాంటి చోట టైటిల్ కోల్పోయిన వ్యక్తిగా ట్రిపుల్ హెచ్ పేరు, రింగ్‌లో ఓడిన వ్యక్తిగా గోల్డస్ట్ పేరు విడివిడిగా చూపాలి.

మ్యాచ్ లేకుండానే బెల్టు చేతులు మారిన సందర్భాలను గెలుపుగా రాయకూడదు. ఓటమి ఎరుగని ఛాంపియన్‌గా మిగలాలని షేన్ మెక్‌మహన్ 1999 ఏప్రిల్‌లో టైటిల్‌నే రద్దు చేశాడు. జూన్‌లో అతని సంచిలో మిడియన్ అనే రెజ్లర్‌కు ఆ బెల్టు కనబడింది, అడిగి పుచ్చుకున్నాడు. ఇక్కడ 'షేన్‌ను మిడియన్ ఓడించాడు' అని రాయడం అబద్ధం. మధ్యలో ఖాళీ వరుస ఉంచి సంగతి చెప్పాలి. అదే ఏడాది ఆగస్టులో జెఫ్ జారెట్ డిలో బ్రౌన్‌ను ఓడించి గెలిచిన బెల్టును మర్నాడే మార్క్ హెన్రీకి కానుకగా ఇచ్చేశాడు. దీనికి విరుద్ధంగా, 2000 ఏప్రిల్ 2న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో జరిగిన రెసిల్‌మేనియాలో (కంపెనీ ఏటా జరిపే అతి పెద్ద కార్యక్రమంలో) మ్యాచ్ ఉంది కానీ ఛాంపియన్ ఓడలేదు: యూరోపియన్ బెల్టుతో పాటు కంపెనీ మరో టైటిల్ అయిన ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు కూడా కర్ట్ యాంగిల్ దగ్గరే ఉంది. ముగ్గురు తలపడిన ఆ పోటీలో, ఇంటర్‌కాంటినెంటల్ బెల్టును క్రిస్ జెరికోను పిన్ చేసి క్రిస్ బెన్వా, యూరోపియన్ బెల్టును బెన్వాను పిన్ చేసి జెరికో తీసుకుపోయారు. యాంగిల్‌ను ఎవరూ పిన్ చేయనేలేదు.

టైటిల్ పేరును కూడా పరీక్షించాలి. ఐరోపాలో పుట్టి ఈ టైటిల్ గెలిచినవారు బుల్‌డాగ్, విలియం రీగల్ ఇద్దరే, ఇద్దరూ ఇంగ్లండ్ వారే. రీగల్‌తో సమానంగా నాలుగుసార్లు గెలిచిన డిలో బ్రౌన్ అమెరికన్. అయినా అతను రింగ్‌లోకి వచ్చేటప్పుడు సరదాకు ఏదో ఒక ఐరోపా నగరం పేరు చెప్పి అతనిది ఆ ఊరేనని ప్రకటించేవారు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ మ్యాచ్ తర్వాత ఐరోపా ఈ బెల్టు మీద పేరుగా మాత్రమే మిగిలిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ముగింపు వరుసలో 2002 జూలై 22న మిచిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో జరిగిన నిచ్చెన మ్యాచ్ (పైన వేలాడే బెల్టును నిచ్చెన ఎక్కి అందుకునే పోటీ) వస్తుంది. ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ రాబ్ వాన్ డామ్ యూరోపియన్ ఛాంపియన్ జెఫ్ హార్డీని ఓడించడంతో రెండు టైటిళ్లూ ఒకటయ్యాయి, ఇంటర్‌కాంటినెంటల్ పేరే నిలిచింది. ఆ ఏడాది మే నెలలోనే కంపెనీ పేరు డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది కాబట్టి, చివరి నెలల వరుసల్లో ఆ పేరే వాడాలి. 2017 జనవరిలో బ్లాక్‌పూల్ టోర్నమెంట్‌లో టైలర్ బేట్ గెలిచిన యునైటెడ్ కింగ్‌డమ్ ఛాంపియన్‌షిప్‌ను దీనికి కొనసాగింపుగా కలపవద్దు. దాని వంశవృక్షం వేరు, దానికి కొత్త పట్టిక తెరవాలి.