సైట్ తిప్పకముందు పెల్లెట్ చూడండి

గచ్చిబౌలి రేంజ్‌లో కొత్తగా ఎయిర్ రైఫిల్ పట్టిన పిల్లలు షాట్లు ఒకచోట పడకుండా గ్రూప్ చెదిరిందంటే చాలు గురి చూసే సైట్ తిప్పేస్తున్నారు, ముందు పెల్లెట్ (రైఫిల్‌లో వేసే చిన్న గుండు) సంగతి చూడండమ్మా. డబ్బా మీద 4.5 మి.మీ. అనే ఉన్నా పెల్లెట్ తల కొలత 4.49, 4.50, 4.51 అని వేరువేరుగా వస్తుంది, ఏది సరిపోతుందో మీ బారెలే చెప్పాలి. రైఫిల్‌ని రెస్ట్ (ఆనించే స్టాండు) మీద కదలకుండా పెట్టి, సైట్ అస్సలు ముట్టుకోకుండా ఒక్కో రకంతో 10 షాట్లు కొట్టండి, రకానికో కొత్త టార్గెట్ కార్డు. 10 మీటర్ల టార్గెట్‌లో నడిమి చుక్క అర మిల్లీమీటరే, అందుకే ఇంత ఓపిక. షాట్లు బాగా దగ్గరదగ్గరగా పడిన రకం డబ్బా మీది లాట్ (తయారీ బ్యాచ్) నంబరు రాసుకుని అదే లాట్‌వి ఇంకో నాలుగు డబ్బాలు కొనేయండి. అంచు నొక్కుకుపోయిన పెల్లెట్ పక్కన పడేయండి. పెల్లెట్ అంటే సీసం, చేతులు సబ్బుతో కడుక్కోకుండా సమోసా ముట్టొద్దు.