మెరైన్ ట్యాంక్ పెడుతున్నారా? చేపల కంటే ముందు రాళ్ళ సంగతి చూడండి

మంచినీళ్ళ ట్యాంకులో ఫిల్టర్ అంటే మోటారు, స్పాంజి. ఉప్పునీటి ట్యాంకులో అసలు ఫిల్టర్ రాయే. చేపల వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి చేపలకి విషమైన అమోనియా పుడుతుంది. రాతి రంధ్రాల్లో కాపురం పెట్టిన ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి సరిపడా పెరిగేదాకా చేప వెయ్యకుండా ఆగడమే సైకిల్ చెయ్యడం. షాపులో "వారం ఆగి వేసెయ్యండి సార్" అంటే సరేనని తలూపి వచ్చెయ్యండి, ఇంటికొచ్చాక మాత్రం నీళ్ళలో అమోనియా, నైట్రైట్ కొలిచే టెస్ట్ కిట్ మాటే వినండి.

3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తున్న ట్యాంక్ అనుకుందాం. లెక్కకి 190 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పైన ఖాళీ పోగా నీళ్ళు 160 లీటర్ల దాకా పడతాయి. మొదటిసారికి ఇంతకంటే చిన్నది వద్దు, నీళ్ళు తక్కువైతే ఉప్పు శాతం, వేడి రెండూ గంటల్లో మారిపోతాయి.

ముందు నీళ్ళు. హైదరాబాద్ బోరు నీళ్ళలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) 500 దాటడం మామూలే, నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, రెండూ పనికిరావు. వంటింటి ఆర్వో ఉందిగా అంటారా, చాలావాటిలో రుచి కోసం మినరల్స్ మళ్ళీ కలుపుతారు. కాబట్టి టీడీఎస్ మీటరు కొని చూడండి, సున్నా రావాలి. రాకపోతే ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ కార్ట్రిడ్జ్ పెట్టించండి. ఇక్కడ పిసినారితనం చేస్తే తర్వాత ఆరు నెలలు నాచు గీకుతూ కూర్చోవాలి.

లీటరుకి 36 నుంచి 38 గ్రాముల రీఫ్ సాల్ట్ (మెరైన్ ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) పడుతుంది, అంటే మన ట్యాంకుకి 6 కిలోలు. వంట ఉప్పు, రాళ్ళుప్పు కాదు. మొదటిసారి ఖాళీ ట్యాంకులోనే కలపొచ్చు. నీళ్ళు పోసి, పంపు ఆన్ చేసి, ఉప్పు కొద్దికొద్దిగా వేస్తూ రాత్రంతా తిరగనివ్వండి, రాళ్ళు పెట్టాక మాత్రం ఎప్పుడూ బయట డ్రమ్ములో కలిపే పొయ్యాలి. ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళు ఉప్పు) రావాలి. ఆ మీటరుని 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూసుకోకపోతే అది చెప్పే అంకెకి అర్థం లేదు.

ఇక రాళ్ళు. లైవ్ రాక్ అంటే బ్యాక్టీరియా, చిన్న జీవాలు పట్టిన రంధ్రాల రాయి. సముద్రంలోంచి తీసిన రాయి చౌకగా ఇస్తామని ఎవరన్నా అంటే కొనకండి. అది ఎక్కువగా పగడాల రాయే, రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, మన్నార్ సింధుశాఖదైనా అండమాన్‌దైనా, బతికున్నదైనా చచ్చిందైనా కేసు కేసే. వైజాగ్ బీచ్‌లో ఏరుకొద్దామన్న ఆలోచనా వద్దు, అక్కడ కనిపించేది ఎక్కువగా ఖొండలైట్, అది మనకి కావాల్సిన రంధ్రాల సున్నపురాయి కాదు. మంచి దారి ఏంటంటే, 15 కిలోల దాకా డ్రై రాక్ (జీవాలేవీ లేని ఎండు రాయి) గానీ సిరామిక్ రాక్ గానీ కొని, బాగా నడుస్తున్న ట్యాంక్ ఉన్న వాళ్ళని అడిగి ఒకట్రెండు కిలోల సిరామిక్ రాయి తెచ్చుకోవడం. ఏడాదిగా ఆ నీళ్ళలో నానిన సిరామిక్ ముక్క కూడా లైవ్ రాకే. దారిలో అది ఆరకూడదు, ఉప్పునీళ్ళలో తడిపిన న్యూస్‌పేపర్ చుట్టి తీసుకురండి.

తెచ్చిన రాయిని వాసన చూడండి. సముద్రం వాసన వస్తే నేరుగా పెట్టెయ్యొచ్చు. కుళ్ళిన గుడ్ల కంపు కొడితే దాని మీది జీవాలు చస్తున్నట్టు. తెల్లగా జిగటగా ఉన్నదంతా పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పంపు పెట్టిన ఉప్పునీళ్ళ డ్రమ్ములో కంపు పోయేదాకా ఉంచండి. ఐప్టేసియా అని చిన్న గోధుమరంగు పువ్వులా ఉండేది కనబడితే ఆ ముక్క వెనక్కి ఇచ్చెయ్యండి, ట్యాంకులోకి వస్తే వదలదు.

రాళ్ళు అడుగు గాజు మీదే నిలబెట్టి, తర్వాత అంగుళం మందాన అరగొనైట్ ఇసుక (సున్నపు ఇసుక) పోయండి. ఇసుక మీద రాళ్ళు పేరిస్తే దాన్ని తవ్వే చేప ఒకటి చాలు కొండంతా కూలడానికి. వెనక అద్దానికి ఖాళీ వదలండి, నీళ్ళు తిరగాలి. గంటకి 3000 లీటర్లు తిప్పే వేవ్ మేకర్ సరిపోతుంది. సైకిల్ అయ్యేదాకా లైట్లు వెయ్యకండి.

ఇప్పుడు బ్యాక్టీరియాకి తిండి పెట్టాలి. పచ్చి రొయ్య వేసి కుళ్ళబెట్టే పాత పద్ధతి పనిచేస్తుంది కానీ కంపు, పైగా కొలత ఉండదు. స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ 160 లీటర్లకి ఒక గ్రాము వేస్తే అమోనియా సుమారు 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అవుతుంది. కళాయి వాళ్ళు వాడే నవాసాగరం కూడా అదే పదార్థం, కానీ బజారు సరుకులో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం, ల్యాబ్ గ్రేడే తీసుకోండి. దాంతోపాటు సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా పోసి, రెండ్రోజులకోసారి టెస్ట్ చెయ్యండి. ముందు అమోనియా దిగుతుంది, నైట్రైట్ ఎగబాకుతుంది, కొన్ని వారాలకి అదీ దిగుతుంది. నైట్రైట్ ఉన్నన్నాళ్ళూ నైట్రేట్ టెస్ట్ దొంగ అంకె చూపిస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. డ్రై రాక్‌తో నాలుగు నుంచి ఆరు వారాలు మామూలు, పాత ట్యాంకులో బ్యాక్టీరియా పట్టిన రాయి ఎక్కువుంటే బాగా తొందరగా అవుతుంది. మళ్ళీ 2 పీపీఎం వేసి 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే సైకిల్ అయినట్టు. అప్పుడు పావువంతు నీళ్ళు మార్చండి. ఈలోపు ఇసుక మీద గోధుమరంగు పొర పడుతుంది, అది డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, దానంతటదే పోతుంది, మందులు పొయ్యకండి.

వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో నీళ్ళ మీదికి చిన్న ఫ్యాన్ పెడితే పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వైజాగ్ ఉక్కలో అంత దిగదు, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ మెషినే గతి. ఫ్యాన్ పెడితే నీళ్ళు రోజూ ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది కాబట్టి ఆ లోటు ఉప్పు లేని ఆర్వో నీళ్ళతోనే నింపాలి.

మొదటి చేపలుగా హేచరీలో పెరిగిన చిన్న క్లౌన్ చేపల జంట చాలు. వేశాక వారం పాటు రోజూ అమోనియా చూసి, ఇంకో రెండు వారాలు ఆగి తర్వాతి చేప సంగతి ఆలోచించండి. అన్నట్టు, వాటిని తెచ్చే ముందే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొనిపెట్టుకోండి, కరెంటు పోయి పంపులు ఆగితే ముందు అయిపోయేది ఆక్సిజనే.