చిన్న ఉప్పునీటి ట్యాంక్: ఫిల్టర్ మార్చే ముందు నీళ్లు ఎలా తిరుగుతున్నాయో చూడండి

విజయవాడలో ఉప్పునీటి ట్యాంక్ పెట్టుకున్నవాళ్లు ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఫిల్టర్‌నే అనుమానిస్తారు. షాపులో అడిగినా ఇంకాస్త పెద్దది వేసుకోమనే చెబుతారు. నేను మాత్రం ముందు నీళ్లు అన్ని మూలలకూ తిరుగుతున్నాయా లేదా అని చూడమంటాను. తన దాకా రాని మురికిని ఎంత ఖరీదైన ఫిల్టరూ పట్టుకోలేదు. ఇక్కడ చెప్పేవన్నీ రెండడుగుల ట్యాంక్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. రాళ్లు, ఇసుక పోను అందులో 45 లీటర్ల నీళ్లు ఉంటాయనుకుందాం.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మధ్యాహ్నం పూట మరీ ఎక్కువ

ఆక్సిజన్ చాలడం లేదు. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీళ్లలో 6.7 దగ్గరే ఆగిపోతుంది. వేడి పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మే నెలలో మేడమీది గదిలో మధ్యాహ్నం మూడు గంటలకు నీళ్లు 31, 32 డిగ్రీలకు చేరడం మన ఊళ్లో మామూలే. ఉండాల్సింది 25 నుంచి 27.

ట్యాంక్‌ని పక్కనుంచి, నీటిమట్టానికి కాస్త కిందనుంచి చూడండి. పైన నూనెలాంటి తెట్టు కదలకుండా నిలిచి ఉంటే గాలి లోపలికి సరిగా కలవడం లేదన్నమాట. వేవ్‌మేకర్ (ట్యాంక్ లోపల నీళ్లను కదిలించే చిన్న పంపు) మూతిని కొంచెం పైకి తిప్పండి. పైనీళ్లు అలలు అలలుగా కదలాలి, చిమ్మకూడదు. తర్వాత నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెట్టండి. వడగాడ్పులు వీచే పొడి రోజుల్లో రెండు, మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత ఫలితం ఉండదు, అప్పుడు ఏసీయో, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో తప్పదు. ఇంకో సంగతి: లోపల తిరిగే ప్రతి పంపూ నీళ్లను వేడెక్కిస్తుంది. అందుకని ప్రవాహం చాలడం లేదని రెండు, మూడు పంపులు దించేయకండి.

ఫ్యాన్ పెడితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. 45 లీటర్లలో రెండు లీటర్లు తగ్గితే వెయ్యికి 35 వంతులున్న ఉప్పు 36.6 దాకా ఎక్కుతుంది. రోజూ పోసేది ఉప్పు కలపని ఆర్వో నీళ్లే అయి ఉండాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఉప్పునీళ్లు పోసి ట్యాంక్ పాడుచేసుకునేది ఇక్కడే.

రాళ్ల మీద, ఇసుక మీద ఎర్రటి జిగురు పొర

ఇది నాచులా కనిపిస్తుంది గానీ నాచు కాదు, సయనోబాక్టీరియా. వేలితో తీస్తే చర్మం ఊడినట్టు పలకలుగా వస్తుంది. నీళ్లు నిలిచిన చోట, మేత మిగిలి కుళ్లిన చోట పుడుతుంది. అది ఎక్కడ పట్టిందో గమనిస్తే ట్యాంక్‌లో ప్రవాహం అందని చోటు ఏదో తెలిసిపోతుంది.

చిటికెడు మేతను వేళ్ల మధ్య నలిపి వేవ్‌మేకర్ ముందు వదలండి. ఆ నలుసులు ఎక్కడ తిరుగుతున్నాయో, ఏ రాయి వెనక మెల్లగా కిందికి దిగిపోతున్నాయో చూడండి. చాలా ట్యాంకుల్లో రాళ్లను వెనక అద్దానికి ఆనించి గోడలా పేరుస్తారు, నలుసులు దిగేది సరిగ్గా దాని వెనకే. రాళ్లను అద్దం నుంచి రెండు, మూడు అంగుళాలు ముందుకు జరపండి. వేవ్‌మేకర్‌ని రాళ్ల మీదికి కాకుండా ఎదుటి అద్దం వైపు తిప్పండి, నీళ్లు దానికి తగిలి వెనక్కి తిరిగి వస్తాయి. అన్నీ కలిపి గంటకు తిరిగే నీళ్లు ట్యాంక్‌కి కనీసం పది రెట్లు, మెత్తటి కోరల్స్ (పగడపు జీవులు) ఉంటే ఇరవై రెట్ల దాకా ఉండాలి. డబ్బా మీద రాసిన లీటర్లు పంపు కొత్తగా ఉన్నప్పటి లెక్క. లోపల సున్నం పేరుకున్నాక అంత రాదు. పంపు విప్పి వెనిగర్ కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టి, కడిగి పెట్టండి.

ఈ పొరకు షాపుల్లో యాంటీబయాటిక్ ఇస్తారు. నేనైతే వద్దంటాను. పొర పోయినా కారణం అలాగే ఉంటుంది. పైగా పొర అంతా ఒకేసారి చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది. పైపుతో లాగేసి నీళ్లు మార్చడమే మేలు.

అద్దాల మీద గోధుమరంగు పొడి

కొత్త ట్యాంక్‌లో మొదటి నెలల్లో మామూలే, దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే నీళ్లను అనుమానించండి. ఇంట్లో తాగే ఆర్వో మెషీన్లు చాలావరకు రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపి వదులుతాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌లో 50, 80 చూపిస్తే ఆ నీళ్లు పనికిరావు, సున్నాకి దగ్గరగా ఉండాలి. బాపట్ల వెళ్లినప్పుడు సూర్యలంక నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఒడ్డు నీళ్లలో బురద, మురికి ఉంటాయి, ఉప్పు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. ప్యాకెట్ ఉప్పే నయం.

నీళ్ల నిండా సన్నటి బుడగలు

ట్యాంక్‌లో పంపు ఉన్న అరలో నీటిమట్టం తగ్గి గాలి పీలుస్తోంది. నీళ్లు పోయండి. అప్పటికీ ఆగకపోతే పైపు అతుకులు చూడండి.

నైట్రేట్ ఎంతకీ దిగడం లేదు

ఫిల్టర్‌లోని దూది, స్పాంజి పట్టుకున్న మురికి అక్కడే కుళ్లి నైట్రేట్ అవుతోంది. దూదిని మూడు, నాలుగు రోజులకోసారి మార్చాలి. సిరామిక్ రింగులను మాత్రం కుళాయి కింద పెట్టి కడగకండి, క్లోరిన్‌కి వాటి మీద పెరిగి నీళ్లను శుభ్రం చేసే మంచి బాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే జాడించండి.

కరెంటు వచ్చాక చేపలు నీరసపడ్డాయి

గాలివానకు గంటల తరబడి కరెంటు పోయినప్పుడు మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టర్‌లో (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్) ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లు నేరుగా ట్యాంక్‌లోకి వచ్చిపడతాయి. మూడు, నాలుగు గంటలు దాటితే క్యానిస్టర్ విప్పి, లోపలి నీళ్లు పారబోసి, రింగులు జాడించాకే స్విచ్ వేయండి. ఇన్వర్టర్ మీద ఫిల్టర్ కంటే ముందు వేవ్‌మేకర్‌ని పెట్టండి, అది వాడే కరెంటు చాలా తక్కువ. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి. ఉప్పునీళ్లు వైరు వెంట జారి ప్లగ్గులోకి పోకుండా ఉంటాయి.