విదేశీ వేలంలో పాట గెలిచి పైసలు కట్టలేదా? వసూలు బెదిరింపులు వస్తే ఇలా చేయండి

ఈబే లాంటి విదేశీ వేలం సైట్లలో పాత నిజాం నాణేలో, కెమెరా లెన్సో పాడి గెలిచాక చాలామందికి అడ్డం పడేది కార్డు. ఆర్బీఐ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మనమే తెరుచుకోవాలి. 20 డాలర్ల నాణేనికి 25 డాలర్ల పోస్టు ఖర్చు చూసి వెనక్కి తగ్గేవాళ్లూ ఉంటారు. ఆ తర్వాత మొదలవుతాయి మెసేజ్‌లు: "72 గంటల్లో కట్టకపోతే వసూలు ఏజెన్సీకి ఇస్తాం, సిబిల్ పోతుంది, పోలీసులు ఇంటికొస్తారు."

ముందు మెసేజ్‌లోని లింకు ముట్టుకోకండి. సైటు మీరే తెరిచి, మీ కొనుగోళ్ల జాబితాలో ఆ ఆర్డర్ ఏ స్థితిలో ఉందో చూడండి. ఈబేలో కట్టడానికి గడువు 4 రోజులు. అది దాటితే అమ్మినవారు "పైసలు రాలేదు" అనే కారణంతో ఆర్డర్ రద్దు చేయవచ్చు. వారికి సైటు వేసిన అమ్మకపు ఫీజు వెనక్కి వస్తుంది, మీ ఖాతాలో ఒక మచ్చ పడుతుంది. అలాంటి మచ్చలు పెరిగితే కొందరు అమ్మకందార్ల పాటల్లో మీకు ప్రవేశం ఉండదు, ఖాతా మీదా ఆంక్షలు రావచ్చు. మామూలుగా ఈ గొడవ ఇంతటితో ఆగిపోతుంది. వస్తువు ఇంకా అమ్మినవాడి దగ్గరే ఉంది, మళ్లీ అమ్ముకుంటాడు.

ఆర్డర్ ఇంకా తెరిచి ఉంటే, స్థోమత ఉంటే కట్టేయడమే మేలు. పాట పాడడమంటే మాట ఇవ్వడమే కదా, అతని కోపంలో న్యాయం లేకపోలేదు. కట్టలేకపోతే సైటులోని మెసేజ్ పెట్టెలోనే, తేలిక ఇంగ్లీషులో, ఒక్కసారి రాయండి: ఆర్డర్ నంబరు, కట్టలేకపోయిన కారణం, "కొన్నవారు అడిగారు" అనే కారణం కింద రద్దు చేయమన్న విన్నపం. ఆ కారణంతో రద్దయితే మీ మీద మచ్చ పడదు. వాట్సాప్‌కు రమ్మంటే వెళ్లకండి, అక్కడ జరిగిన మాటలు సైటుకు కనబడవు.

బెదిరించేది ఎవరో తేల్చుకోవడం తర్వాతి పని. అమ్మినవాడే కోపంతో రాసి ఉండవచ్చు, నిజమైన ఏజెన్సీ కావచ్చు, మీ నంబరు ఎక్కడో దొరికిన దొంగ కావచ్చు. ఏజెన్సీ అంటే నాలుగు అడగండి: అసలు పైసలు రావాల్సింది ఎవరికి, ఆర్డర్ నంబరెంత, వస్తువేమిటి, ఏ ఖర్చు ఎంత. జర్మనీలో వసూలు సంస్థలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. బ్రిటన్‌లోనూ ఆర్థిక నియంత్రణ సంస్థ రిజిస్టర్ ఉంది. ఫోన్ చేయాల్సి వస్తే ఆ రిజిస్టర్‌లో ఉన్న నంబరుకే చేయండి, మెసేజ్‌లో ఇచ్చినదానికి కాదు. 40 డాలర్ల లెన్సు "ఛార్జీల"తో 400 అయిందంటే లెక్క రాతలో ఇమ్మనండి. యూపీఐ, గిఫ్ట్ కార్డు, క్రిప్టోలో పంపమన్నారా, మాట్లాడడం అక్కడే ఆపండి. విదేశీ అమ్మకందారు వరంగల్‌లోని ఎవరి యూపీఐ ఐడీకో పైసలు ఎందుకు అడుగుతాడు?

సిబిల్ భయం అక్కర్లేదు. మన అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు వివరాలు పంపేది వాటిలో సభ్యత్వం ఉన్న బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వంటి సంస్థలే. విదేశంలోని ఒక వ్యక్తి మీ పేరు ఎక్కించలేడు. అనుమానం ఉంటే ఒక్కో బ్యూరో నుంచి ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా తీసుకోవచ్చు.

ఇక అరెస్టు. పాట పాడి కట్టకపోవడం సివిల్ విషయం. మోసం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 318 కిందికి రావాలంటే మొదటి నుంచే ముంచే ఉద్దేశం ఉండాలి. దొంగ పేర్లతో పదుల పాటలు పాడినవారికి ఈ మాట రక్షణ కాదు. బాకీ కట్టనందుకు సివిల్ జైలు అనేది ఉంది కానీ, అది డిక్రీ (సివిల్ కోర్టు తీర్పు) వచ్చాక, చెల్లించే స్తోమత ఉండీ ఎగ్గొట్టేవారి లాంటి సందర్భాల్లోనే. డిక్రీ మొత్తం 2,000 రూపాయలు దాటకపోతే అదీ లేదు, డబ్బు డిక్రీలో స్త్రీలను అరెస్టు చేయడానికి వీల్లేదు.

కోర్టు నోటీసని వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తే? విదేశీ కోర్టు పత్రాలు అందించే హేగ్ ఒప్పందం మనకు 2007 నుంచి అమలులో ఉంది. అందులో నేరుగా పోస్టులో పంపడానికి భారత్ అభ్యంతరం చెప్పింది. అమెరికా, బ్రిటన్, జర్మనీ కోర్టుల పత్రాలు కేంద్ర న్యాయశాఖ ద్వారా వచ్చి, మన జిల్లా కోర్టు మనిషి చేతుల మీదుగా ఇంటికి చేరాలి. అలా వచ్చినదాన్ని మాత్రం పక్కన పడేయకండి. మీ జిల్లా కోర్టుకు వెళ్లి లాయర్‌కు చూపించండి, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు. అమెరికా తీర్పును ఇక్కడ నేరుగా అమలు చేయలేరు, దాని ఆధారంగా మళ్లీ దావా వేయాలి. 40 డాలర్ల కోసం అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. దుబాయ్‌లో ఉంటూ అక్కడి చిరునామాకు కొన్నది అక్కడి బాకీయే. 2020 జనవరి నుంచి నోటిఫై చేసిన యూఏఈ కోర్టుల డిక్రీలను సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ కింద ఇక్కడి జిల్లా కోర్టులోనే అమలు చేయించవచ్చు. తీరిక ఉన్నప్పుడే తేల్చుకోండి.

పైసలు పోయాయంటే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే అవి ఖాతాలు మారిపోతాయి. ఇంకా పంపకపోతే అనుమానపు కాల్‌ను కేంద్ర టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలోని చక్షు అనే విభాగంలో నమోదు చేయండి. చంపుతాం, ఫోటోలు పెడతాం అంటూ పైసలు గుంజితే అది భారతీయ న్యాయ సంహిత 308 (బలవంతపు వసూలు), 351 (బెదిరింపు) సెక్షన్ల సంగతి. ఆర్డర్ పేజీ, తేదీ, నంబరు కనబడే స్క్రీన్‌షాట్లు, కాల్ వివరాలు పట్టుకుని ఠాణాకు వెళ్లండి. చాట్ తుడిచేస్తే చేతిలో ఏమీ మిగలదు.

పొరపాటున 10.50కి బదులు 1050 కొట్టి ఉంటే బెదిరింపుల దాకా రానీయకండి. ఈబేలో వేలం ముగియడానికి 12 గంటలకు మించి ఉంటే పాట వెనక్కి తీసుకోవచ్చు, ఆఖరి 12 గంటల్లో పాడినదైతే గంటలోపే.