వార్తిన్-స్టారీ స్టెయిన్ మొదలెట్టే ముందు చూసుకోవాల్సినవి

పంది ఇలియంలో (చిన్నపేగు చివరి భాగం) లాసోనియా అనే పేగు జబ్బు బ్యాక్టీరియా ఉందో లేదో చూడ్డానికి, వెండితో దాన్ని నల్లగా కనబడేలా చేసే ఈ సిల్వర్ స్టెయిన్ వేస్తాం కదా, ముందు ఇవి చూసుకోండి.

- ముక్క పంది చచ్చిన వెంటనే తీసి 10 శాతం ఫార్మలిన్‌లో వేసిందేనా? పేగు చాలా తొందరగా పాడైపోద్ది, లోపలి పొర ఊడొచ్చేస్తది, లాసోనియా ఉండేదే ఆ పొర కణాల్లో కాబట్టి ఇక స్లైడ్‌లో వెతకడానికి ఏం మిగలదు, నాకైతే అన్నిటికంటే ఇదే ముఖ్యం.
- గాజు సామాను యాసిడ్‌తో కడిగి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ కడిగారా? కుళాయి నీళ్ళు వద్దే వద్దు, అందులో క్లోరైడ్ తగిలితే సిల్వర్ నైట్రేట్ తెల్లగా విరిగిపోద్ది. స్టీల్ ఫోర్సెప్స్ బదులు ప్లాస్టిక్‌వి.
- పాజిటివ్ అని ముందే తెలిసిన కంట్రోల్ స్లైడ్ పక్కనే ఉండాలి, డెవలపర్‌లో (వెండిని నల్లబరిచే ద్రావణం) వేశాక కళ్ళు దాని మీద నుంచి తీయకండి, వెనక లేత గోధుమ రంగొచ్చి వంకర బ్యాక్టీరియా నల్లగా తేలగానే ఆపేయాలి, ఆలస్యమైతే అంతా నల్లబడిపోద్ది.
- గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి.