కండెల రాట్నానికి 12 వోల్టుల మోటార్: వేగం మన చేతిలో ఉండాలంటే

మాది పొందూరు. ఇక్కడి ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో ఏకడం దగ్గర్నుంచి నెయ్యడం దాకా అంతా చేతిపనే, దాని జోలికి మోటార్ పోకూడదు. నేను మోటార్ బిగించింది మిల్లు నూలుతో మా అమ్మ కండెలు (నేతకి వాడే నూలు గొట్టాలు) చుట్టే రాట్నానికి. భుజం నొప్పితో ఆమెకు చక్రం తిప్పడం కష్టమైంది. స్విచ్ వెయ్యగానే మోటార్ ఒక్క గుంజు గుంజింది, పోగు పుటుక్కున తెగింది. "ఒరే, ఇది కండె చుడతాదా, నూలు తెంపుతాదా?" అంది అమ్మ.

ముందుగా నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, మీరు చెయ్యకండి. వేగం తగ్గిద్దామని, ఇంటి కరెంటుని మోటార్‌కి 12 వోల్టుల డీసీగా మార్చే అడాప్టర్‌కి ముందు పాత ఫ్యాన్ రెగ్యులేటర్‌ని పెట్టాను. అడాప్టర్ కాసేపు మిణుకుమిణుకుమని చచ్చిపోయింది. అడాప్టర్ తర్వాత పెట్టినా పని చెయ్యదు. రెగ్యులేటర్‌లో స్విచ్‌లా పనిచేసే ట్రయాక్ అనే భాగం ఒకసారి ఆన్ అయితే కరెంటు సున్నాకి వచ్చేదాకా ఆఫ్ అవ్వదు. మన ఏసీలో అది సెకనుకు 100 సార్లు వస్తుంది, డీసీలో రానే రాదు.

తర్వాత మోటార్‌కి వరసలో 3 ఓముల రెసిస్టర్ పెట్టాను. ఖాళీగా తిరిగినప్పుడు బాగానే ఉంది. కండె లావెక్కి మోటార్ 2 ఆంపియర్లు లాగేసరికి 6 వోల్టులు రెసిస్టర్‌లోనే పోయాయి. మోటార్ నీరసించింది, రెసిస్టర్ 12 వాట్ల వేడితో చెయ్యి కాల్చింది.

పనికొచ్చింది పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్). వోల్టేజీ తగ్గించం, పూర్తి 12 వోల్టుల్నే సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తాం. ఆన్‌లో ఉన్న వంతును బట్టి వేగం. రెడీమేడ్ బోర్డులు దొరుకుతాయి, తొందరగా ఉంటే అదే కొనండి. నేను మాత్రం శ్రీకాకుళం వెళ్లి సామాను తెచ్చుకుని కట్టాను.

ఆ ఆన్, ఆఫ్ తాళం వేసేది 555 అనే టైమర్ ఐసీ. దాని 8, 4 కాళ్లు ప్లస్‌కి, 1 మైనస్‌కి. ప్లస్ నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ 7వ కాలికి. 7 నుంచి ఒక 1ఎన్4148 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) బయటకు, ఇంకొకటి లోపలికి, ఎదురెదురుగా. వాటి అవతలి కొసలు 100 కిలోఓముల పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్) రెండు చివర్లకి, పాట్ మధ్య కాలు 2, 6 కాళ్లకి కలిపి. అక్కడి నుంచి మైనస్‌కి కెపాసిటర్. నేను మొదట 103 (10 నానోఫారడ్లు) అని రాసున్నది వేశాను, మోటార్ దోమలా గీపెట్టింది. 102 (1 నానోఫారడ్) వేస్తే సుమారు 14 కిలోహెర్ట్జ్‌కి వెళ్లింది, గోల పోయింది.

3వ కాలి నుంచి 100 ఓముల మీదుగా ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ గేట్‌కి. మోటార్ కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ ఇదే. రాత మనవైపు పెట్టి చూస్తే ఎడమ గేట్, మధ్యలో డ్రెయిన్, కుడి సోర్స్. సోర్స్ మైనస్‌కి, డ్రెయిన్ మోటార్ ఒక తీగకి, మోటార్ రెండో తీగ ప్లస్‌కి. చిన్న హీట్‌సింక్ బిగించండి.

ఇక అసలు సంగతి. నేను రెండు మాస్‌ఫెట్లు కాల్చుకుని నేర్చుకున్నాను. కరెంటు ఆపిన ప్రతిసారీ మోటార్ చుట్ట ఎదురు తన్నుతుంది. ఆ దెబ్బకి దారి చూపించాలి. మోటార్ రెండు తీగల మధ్య 1ఎన్5822 డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. తిరగేసి పెడితే షార్టే. అందరింట్లో ఉండే 1ఎన్4007 ఈ వేగానికి మందకొడి, వాడొద్దు.

ఫ్యూజ్ కూడా ఉండాలి. చుట్ట నిరోధం మీటర్‌తో చూస్తే నాకు 2 ఓములు వచ్చింది. అంటే మోటార్ బిగుసుకుంటే 6 ఆంపియర్లు. నేను 3 ఆంపియర్ల ఫ్యూజ్ వేశాను.

అన్నీ నాబ్ మీదే వదిలెయ్యకండి. మోటార్‌కి చిన్న కప్పీ, కదురుకి పెద్ద కప్పీ పెట్టి సగం వేగం అక్కడే తగ్గించండి, బలం కూడా పెరుగుతుంది. నాబ్‌ని ఎప్పుడూ సున్నా నుంచే తిప్పాలి. కాస్త దూరం మోటార్ కదలదు, మూలుగుతుంది. కదిలాక పెంచుకోవాలి.

అమ్మ డబ్బా మీద నాబ్ పక్కన రెండు స్టిక్కర్ బొట్లు అంటించుకుంది. చిన్నది సన్న నూలుకి, పెద్దది ముతకకి.